ఒడియా మీడియం పిల్లలకు కంప్యూటర్‌తో తెలుగు: ఏది పనికొస్తోంది, ఏది రావట్లేదు?

పర్లాకిమిడి పంతులమ్మ

అందరికీ నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడిలో, మా వీధి రామమందిరంలో ఆదివారం ఆదివారం పిల్లలకు తెలుగు చెప్తున్నాను. వచ్చేవాళ్లంతా ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బడిలో ఎక్కువమంది ఒడియా మీడియం, కొందరు ఇంగ్లీషు మీడియం. మూడో తరగతి నుంచి ఎనిమిది దాకా ఉన్నారు. కబుర్లు చెప్పమంటే ఆగరు, పుస్తకం తెరిస్తే నోరు పెగలదు.

ఈ మధ్య మా ఊరివాళ్లే ఒకరు రెండు పాత ల్యాప్‌టాప్‌లు ఇచ్చి వెళ్లారు. మందిరంలో కరెంటు ఉంది. నెట్ అంటే నా ఫోన్ హాట్‌స్పాటే, అదీ మహేంద్రతనయ నది అవతల పాతపట్నం టవర్ దయ.

తెలుగు నేర్పే ఆప్‌లు చాలా చూశాను. కొన్ని విదేశాల్లో పుట్టిన పిల్లల కోసం చేసినవి. 'వాటర్ అంటే నీళ్లు' దగ్గర మొదలవుతాయి. మా పిల్లలకు నీళ్లంటే ఏమిటో చెప్పక్కర్లేదు కదా. మిగతావి ఆంధ్రాలో ఒకటో తరగతి వాళ్లవి: అ అమ్మ, ఆ ఆవు, మధ్యలో ఎలుగుబంటి డాన్సు. ఏడో తరగతి కుర్రాణ్ని దాని ముందు కూర్చోబెడితే పక్కవాళ్లు నవ్వుతున్నారని లేచిపోయాడు. మాట వచ్చి, ఒక లిపి కూడా వచ్చి, ఈ లిపి ఒక్కటీ రాని పిల్లలకు ఏం వాడాలి? మీరు స్వయంగా వాడి చూసినవే చెప్పండి.

బరంపురం బావు

అమ్మా, ముందే చెప్పేస్తున్నాను, నాకు ఈ మెషీను చదువుల మీద పెద్ద గురి లేదు. 1975 ఆగస్టులో అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఎరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. సైట్ ప్రయోగం అనేవారు దాన్ని. పొద్దున బడిపిల్లలకి, సాయంత్రం పెద్దోళ్లకి. నాలుగు భాషల్లో తెలుగు ఒకటి, ఒడియా ఒకటి. ఒడియా పాఠాలు సంబల్‌పూర్, ఢెంకనాల్, ఫుల్బాణి వైపు పోయాయి. తెలుగు పాఠాలు కర్నూలు, మెదక్ వైపు పోయాయి. రెండూ కావలసిన మన గంజాం, కోరాపుట్ ఎవరి లెక్కలోనూ లేవు. ఏడాది తిరిగేసరికి, 1976 జులై ఆఖరున, ఉపగ్రహం వెనక్కి పోయింది.

ఇప్పుడూ అంతే. ఎవడో ఎక్కడో కూర్చుని మరెవడి పిల్లల కోసమో చేస్తాడు, మన గుంటలు దాని ముందు కూర్చోవాలి. మీ ల్యాప్‌టాప్ చెడిపోయిన ఆదివారం క్లాసు నడుస్తుందా? నడిచేలా ఉంటేనే దాన్ని ముట్టుకోండి.

రాయగడ డీటీపీ

బావు గారూ, మీతో గొడవ పెట్టుకోను గానీ, పంతులమ్మ గారికి ఒకటి చెప్పాలి. నాది డీటీపీ పని. పొద్దున ఒడియా కరపత్రం, మధ్యాహ్నం తెలుగు పెళ్లిశుభలేఖ. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

మీ ఎనిమిదో తరగతి పిల్లల్లో ఎవరికైనా బడి కంప్యూటర్ గదిలో ఒడియా ఇన్‌స్క్రిప్ట్ టైపింగ్ వచ్చా? వస్తే వాళ్లకు తెలుగు టైపింగ్ కూడా వచ్చేసినట్టే, ఆ సంగతి వాళ్లకు తెలీదంతే. 1991 నాటి భారతీయ ప్రమాణంలో అన్ని మన లిపులకూ ఇన్‌స్క్రిప్ట్ అని ఒకటే కీబోర్డు అమరిక పెట్టారు. ఎడమచేతి కింద అచ్చులు, గుణింతాలు. హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద. ఇంగ్లీషు కె ఉన్న కీ ఒడియాలో క అయితే తెలుగులోనూ క. హెచ్ నొక్కితే ప, ఎల్ నొక్కితే త. 'నగర' అని కొట్టాలంటే రెండు భాషల్లోనూ వి, ఐ, జె. వేళ్లు కదిలేది ఒకేలా, తెర మీద లిపి ఒక్కటే మారుతుంది.

విండోస్‌లో రెండు కీబోర్డులూ ఉంటాయి, కొనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర కలుపుకోండి. తర్వాత విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతుంది. నెట్ అక్కర్లేదు. పిల్లవాణ్ని తనకు తెలిసిన ఒడియా మాట కొట్టమనండి, కింద లైన్లో అవే కీలు తెలుగులో కొట్టమనండి. అక్షరానికి అక్షరం కనబడుతుంది. 'ఇది తెలుగు క' అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఫోన్‌లో ఇది కుదరదు. ఫోన్ కీబోర్డులు ఎక్కువగా వర్ణమాల వరసలో ఉంటాయి, లేదా ఇంగ్లీషు అక్షరాలతో కొట్టమంటాయి. ఇంగ్లీషుతో కొట్టించకండి దయచేసి. అక్కడ పిల్ల నేర్చుకునేది ఇంగ్లీషు స్పెల్లింగే.

జయపురం అమ్మ

ఇది బాగుందండీ, కానీ నాకొక అనుమానం. మా పాప ఐదో తరగతి. తెలుగులో నాతో పోట్లాడుతుంది, తెలుగులో అలుగుతుంది, తన పేరు తెలుగులో రాయలేదు. టైపింగ్ నేర్పితే చేత్తో రాయడం వస్తుందా? మా అత్తగారు పలక తెమ్మంటున్నారు. దీక్ష అనే ప్రభుత్వ పాఠాల ఆప్‌లో ఆంధ్రా వాచకాలు తెరిచి చూశాం, పుస్తకం మీద క్యూఆర్ కోడ్ కొడితే వీడియో వస్తుంది. బాగానే ఉన్నాయి, కాకపోతే అక్కడి ఐదో తరగతి పాఠం దీనికి కొండలా ఉంది, ఒకటో తరగతి పాఠం చిన్నతనంగా ఉంది.

రాయగడ డీటీపీ

పలక కూడా తెండమ్మా. టైపింగ్ వల్ల చేతిరాత రాదు. దానివల్ల వచ్చేది అక్షరం ఎలా కట్టారో అన్న ఎరుక. ఉదాహరణకి 'అమ్మ' కొట్టాలంటే అ, మ, డి కీ మీదున్న హలంత గుర్తు (పొల్లు), మళ్లీ మ. ఆ రెండో మ కొట్టగానే పైనున్న పొల్లు మాయమై కింద ఒత్తు పుడుతుంది. తెలుగులో త, న, మ, య, ర, ల, వ ఒత్తులు అసలు అక్షరంలా ఉండవు. మన చిన్నప్పుడు బట్టీ పట్టాం. కొట్టి చూసిన పిల్లకు ఆ బొమ్మ ఏ అక్షరానిదో కళ్ల ముందే తెలుస్తుంది. ఒడియాలోనూ ఒత్తులు ఇలాగే కొడతారు కాబట్టి పద్ధతి పిల్లకు కొత్త కాదు.

సునాబెడ నాన్న

నేను వాడుతున్నది చెప్తాను. ఆంకీ అని ఒక ఉచిత ప్రోగ్రాం, 2006 నుంచి ఉంది. ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్, అదీ ఉచితమే. చీటీల ఆట లాంటిది. సరిగ్గా చెప్పిన చీటీ కొన్నాళ్లు ఆగి మళ్లీ వస్తుంది, ఆ గడువు పెరుగుతూ పోతుంది. తప్పింది వెంటనే తిరిగొస్తుంది. మరుపు ఏ లెక్కన వస్తుందో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన 1885లోనే తన మీద తానే ప్రయోగం చేసుకుని రాశాడు, దీని వెనకున్న ఆలోచన అదే.

రెడీమేడ్ తెలుగు చీటీలు దించుకోకండి, చాలావాటిలో ఇంగ్లీషు అర్థాలే ఉంటాయి. నేనే చేసుకున్నాను. ముందువైపు తెలుగు అక్షరాల్లో మాట ఒక్కటే. వెనకవైపు మా అమ్మ గొంతు. ఇంగ్లీషు లేదు, బొమ్మ లేదు, అర్థం లేదు. అర్థం పిల్లాడికి ఎలాగూ తెలుసు. మాటలు జంటలుగా పెట్టాను: మెడ, మేడ. నెల, నేల. కొన, కోన. పుట, పూట. వీడు చదవాలి, తర్వాత నొక్కితే నాయనమ్మ చదువుతుంది. ఇద్దరిదీ ఒకటైతే సరి.

అమ్మ గొంతు రికార్డు చేయడమే పెద్ద తతంగం. ఫోన్ ముందు పెట్టగానే ఆకాశవాణి వార్తల్లా చదవడం మొదలెట్టింది. కూరలు తరుగుతున్నప్పుడు ఒక్కో మాటా అడిగి చెప్పించుకున్నాను. కత్తిపీట చప్పుడు కూడా ఉంటుంది, ఆడాసిటీ అనే రికార్డింగులు దిద్దే ప్రోగ్రాంలో కొంత తీసేశాను, కొంత వదిలేశాను.

పర్లాకిమిడి పంతులమ్మ

రాయగడ వారి మాట పట్టుకుని రెండు ల్యాప్‌టాప్‌ల్లోనూ కీబోర్డులు పెట్టాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతెకు ఒడియా టైపింగ్ వచ్చు. దాన్ని గురువుని చేశాను. మిగతావాళ్లు దాని చుట్టూ మూగారు. పది నిమిషాల్లో అందరూ తమ పేరు రెండు లిపుల్లో కొట్టేశారు. లేచిపోయిన ఏడో తరగతి కుర్రాడు ఇంటిపేరుతో సహా కొట్టుకున్నాడు. ఇంతవరకూ శుభం.

తర్వాత చదవమన్నాను. 'నగరం' అని తెర మీద ఉంది. 'నొగొరొం' అన్నారు. 'వంకాయ' అంటే 'బొంకాయ'. ఇంట్లో రోజూ వంకాయ కూర తినే పిల్లలండీ! అమ్మా వంకాయ వేపుడు చెయ్యి అని చక్కగా అడిగే నోరే తెర మీద చూసేసరికి బొంకాయ అంటోంది. కీబోర్డు కలిపిన లిపి ఉచ్చారణను కూడా లాక్కొచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి?

ఛత్రపురం అల్లుడు

నమస్కారం. నా మాతృభాష ఒడియా. మా మామగారు వాళ్లు తెలుగువారు, అందువల్ల నేను పెద్దయ్యాక తెలుగు నేర్చుకున్నాను. రాతలో తప్పులుంటే మన్నించండి.

మేడమ్, పిల్లలు తప్పు చదవటం లేదు, ఒడియా లెక్కన సరిగానే చదువుతున్నారు. మాకు అకారం పలుకు గుండ్రంగా, మీ ఒ దగ్గరగా ఉంటుంది. మాట చివర కూడా దాన్ని మింగం. అందుకని నగర మాకు నొగొరొ. ఇ-ఈ, ఉ-ఊ మాకు రాతలో వేరు, నోట్లో తేడా లేదు. ఎ-ఏ అని, ఒ-ఓ అని రెండేసి అక్షరాలు లేనే లేవు. మీ వ ఉన్నచోట మేము మామూలుగా బ అంటాము. మాట మొదట్లో య వస్తే చాలాసార్లు జ అవుతుంది. మా ఇంట్లో యముణ్ని జొమొ అంటారు.

నాకు ఇవన్నీ చెవితో కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. మెడ, మేడ నాకు చాలాకాలం ఒకలాగే వినిపించేవి, మా బావమరిది నవ్వేవాడు. మీ పిల్లలకు ఆ కష్టం లేదు. వాళ్ల చెవి తెలుగుది, కన్ను ఒడియాది. కాబట్టి చెవి చేత కన్నును దిద్దించండి. ఎవరు చదివింది వాళ్లకే రికార్డు చేసి వినిపించి చూడండి.

రాయగడ డీటీపీ

అల్లుడుగారు చెప్పినదానికి కంప్యూటర్ లోపల కూడా సాక్ష్యం ఉంది. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చుకునే పట్టికలో, ఒక్కో లిపికీ ఒక వరస. ఒడియా తర్వాత తమిళం, దాని తర్వాత తెలుగు. ఆ భారతీయ ప్రమాణానికే 1988లో వచ్చిన పాత కూర్పులోని క్రమాన్ని తీసుకున్నారు కాబట్టి ఒడియా అక్షరం సంఖ్యకు 256 కలిపితే అదే తెలుగు అక్షరం వస్తుంది. ఒడియా క సంఖ్య 2837, తెలుగు క 3093. లిపి మార్చే సాఫ్ట్‌వేర్లకు సగం పని దీంతోనే అయిపోతుంది. నెట్‌లో అక్షరముఖ అని ఉచితంగా ఉంది, ఒడియా వేస్తే తెలుగు ఇస్తుంది.

కానీ తెలుగు వరసలో హ్రస్వ ఎ, హ్రస్వ ఒ ఉన్న గళ్లు ఒడియా వరసలో ఖాళీ. అందుకే ఒడియా లిపిలో ఎలుక అని రాసి తెలుగులోకి మారిస్తే 'ఏలుక' వస్తుంది. మెడ పోయి మేడే మిగులుతుంది. సాఫ్ట్‌వేర్‌కు తెలియక కాదు, ఒడియా రాతలో ఆ తేడానే లేకపోతే అది ఎక్కణ్నుంచి తెస్తుంది? ఎవరైనా కవితో పాటో ఒడియా లిపి నుంచి మార్చుకుని పిల్లలకు అచ్చువేసి ఇస్తుంటే, ఎ ఒ లు చేత్తో దిద్దాలి.

సిరొంచ చిన్నోడు

మా దిక్కు సంగతి కూడా చెప్పనా? గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత ఒడ్డు. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ. మీ పిల్లలు చివర సాగదీస్తే మా పిల్లలు చివర మింగేస్తరు. నగర అని రాసుంటే 'నగర్' అంటరు, రామ అంటే 'రామ్'. మరాఠీ చదువు అట్లుంటది. హ్రస్వ ఎ, ఒ తో తిప్పలు మాకూ ఉన్నయి. కీబోర్డు సంగతి మాత్రం మాకు గూడ సరిగ్గ పనికొస్తది, మరాఠీ ఇన్‌స్క్రిప్ట్ కూడా అదే అమరిక. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలే.

నిర్వాహకుడు

ఈ మధ్యలో ఒక ఆప్ అమ్మే లింకు పెట్టిన సభ్యుడి పోస్టు తీసేశాను. చర్చ సాగించండి.

బరంపురం బావు

నేను ఒకటి అడుగుతాను. ఒడియా చేతికర్ర పట్టుకుని తెలుగు నడవడం అలవాటయితే, ఆ కర్ర ఎప్పుడు వదుల్తారు? బడిలో ఒడియా వారానికి ఆరు రోజులు. మీ తెలుగు ఆదివారం గంట. ప్రతి తెలుగు అక్షరాన్నీ ఒడియా అక్షరానికి కట్టేస్తే, గంట ఎప్పుడూ ఆరు రోజుల చేతిలో ఓడిపోతుంది. పాత పద్ధతిలో ఓనమాలు దిద్దిస్తే మెల్లిగా వచ్చినా తెలుగు తెలుగుగా వస్తుంది.

పర్లాకిమిడి అంటే గిడుగు రామమూర్తి గారి ఊరు కదా. ఆయన సవర భాష ఎలా నేర్చుకున్నారు? తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. లిపులూ కీబోర్డులూ అడ్డం పెట్టుకోలేదు. సవరకి వ్యాకరణం రాశారు, నిఘంటువు రాశారు. మీకు కూడా కావలసింది అలాంటి మనిషి.

పర్లాకిమిడి పంతులమ్మ

బావు గారూ, మనిషిని నేనున్నాను కదండీ! :)

గిడుగువారు సవర మాటల్ని మొదట తెలుగు లిపిలోనే రాసుకున్నారు, సవర పిల్లల వాచకాలూ తెలుగు లిపిలోనే వేశారు. వచ్చిన లిపి మీదుగా రాని దానిలోకి వెళ్లడం మన ఊళ్లో కొత్త కాదు.

మీ ప్రశ్న మాత్రం నన్ను పట్టుకుంది. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. ఒడియా పక్కన పెట్టి తెలుగు కొట్టడం అక్షరాలు గుర్తుపట్టేదాకే. ఆ తర్వాత ఒడియా కీబోర్డు తీసేసి తెలుగు ఒక్కటే ఉంచుతాను. పోయిన వారం పెద్ద పిల్లలకు తీసేశాను కూడా.

అల్లుడుగారు చెప్పిన రికార్డింగు చేశాను. ఒక్కొక్కరికి ఆరేడు వాక్యాలు ఇచ్చి ఫోన్‌లో చదివించాను. తర్వాత కాయితం లాగేసుకుని వాళ్లదే వాళ్లకు వినిపించాను. మొదటి కుర్రాడు తన గొంతులో 'బొంకాయ' విని, 'ఛీ, ఎవడది!' అన్నాడు. మందిరం పైకప్పు ఎగిరిపోయేలా నవ్వులు. మళ్లీ చదవమంటే వంకాయ. నేనొక్క అక్షరం దిద్దలేదు. ఇలా విని తనే సరిచేసుకున్నవి ఎక్కువ, నేను చెప్పాల్సి వచ్చినవి తక్కువ. చెప్పాల్సి వచ్చినవన్నీ పుస్తకం మాటలే: 'యథాశక్తి', 'ఔదార్యం'. ఇంట్లో ఎప్పుడూ విననివి. వాటిని చెవి ఎలా దిద్దుతుంది? అక్కడ నేను కావాలి.

పిల్లల గొంతులు ఎక్కడా పెట్టడం లేదు, క్లాసు అవగానే చెరిపేస్తున్నాను. తల్లిదండ్రులకు ముందే చెప్పాను.

బరంపురం బావు

'ఛీ, ఎవడది' బాగుంది. ఫోన్ రికార్డరయితే పర్లేదు, అది నేర్పనంటుంది, వినిపిస్తుందంతే. ఒడియా కర్ర సంగతి మాత్రం నేను ఒప్పుకోను. మరో ఆర్నెల్లాగి చిన్న పిల్లల చేత చదివించి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

గుణుపురం మాస్టారు

చదవడానికి సరుకు కావాలంటే స్టోరీవీవర్ చూడండి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టారు. స్వేచ్ఛా లైసెన్సు, దించుకుని అచ్చు వేసుకోవచ్చు. ఒకే కథ అవే బొమ్మలతో ఒడియాలో, తెలుగులో దొరుకుతుంది. అన్ని కథలూ రెండింటిలో ఉండవు, వెతుక్కోవాలి. కథలకు అంచెలు ఉంటాయి, ఒకటో అంచె పేజీకి ఒకటి రెండు వాక్యాలు. నేను మొదట ఒడియా కథ ఇంట్లో చదువుకు రమ్మంటాను, క్లాసులో తెలుగుది చదివిస్తాను. కథ ముందే తెలుసు కాబట్టి పిల్లవాడు తర్వాతి మాట ఊహించి పట్టుకుంటాడు.

ఇంకొకటి. ఈమధ్య అందరూ ఏఐ చాట్‌బాట్ అంటున్నారని మా పిల్లలు రాసింది దిద్దమని ఒకదానికి ఇచ్చాను. ఒకమ్మాయి రాసింది: 'మా మామ్మ సంతకెల్లి సేపలు తెచ్చినాది.' అది దిద్ది ఇచ్చింది: 'మా అమ్మమ్మ సంతకు వెళ్లి చేపలు తీసుకువచ్చింది.' నాన్నమ్మను తీసుకెళ్లి అమ్మమ్మను చేసింది. పైగా కింద ఒక ఉపన్యాసం, ఇది గ్రామ్యం అని. ఆ పిల్ల ముఖం చూడాలి. మాటను రాతగా మార్చే ఆప్‌లకు కూడా మా వైపు యాస అందదు. 'ఎల్తన్నాను' అంటే ఏదో రాసి పెడుతుంది. పిల్ల తన నోరే తప్పనుకుంటుంది.

సునాబెడ నాన్న

మాస్టారూ, నేనయితే చాట్‌బాట్‌కు దిద్దే పని ఇవ్వను, కూలిపని ఇస్తాను. 'కొ, కో రెండూ వచ్చే చిన్న చిన్న వాక్యాలు ఇరవై రాయి' అంటాను. వచ్చినవాటిలో సగం పుస్తకం భాష, కొన్ని అర్థంలేనివి. వాటిని కొట్టేసి మిగిలినవి చీటీల్లో పెడతాను. ఖాళీ కాయితం ముందు కూర్చుని నేను రాయడం కన్నా వేగం. పిల్లాడికి మాత్రం నేరుగా ఇవ్వను.

జయపురం అమ్మ

మాస్టారు గారు, మరి 'సేపలు' అని రాస్తే వదిలేయాలా? రేపు పరీక్ష రాస్తే మార్కులు తీసేస్తారు కదా.

గుణుపురం మాస్టారు

వదిలేయనమ్మా. గిడుగువారు కోరింది కూడా శిష్ట వ్యావహారికమే, ఎలా పలికితే అలా రాయమని కాదు. నేను 'చేపలు' అని పక్కన రాస్తాను, 'సేపలు' మీద గీత కొట్టను. కథలో మామ్మ నోట మాట అయితే 'సేపలు' అలాగే ఉంచమంటాను. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కడ ఎలా పాటించాలో ఆ పిల్లను ఎరిగినవాడు తేల్చాలి. మామ్మ ఎవరో తెలియనిదానికి అది ఎలా తెలుస్తుంది?

పర్లాకిమిడి పంతులమ్మ

మాస్టారూ, స్టోరీవీవర్ కథలు అచ్చు వేయించాను, నెట్ లేని ఆదివారానికి. బావు గారి మాట అది, ల్యాప్‌టాప్ చెడిపోతే ఏం చేస్తారని. నిజంగానే ఒకదాని బ్యాటరీ పోయింది, తీగ తగిలిస్తేనే నడుస్తోంది.

ఇంకో ఇబ్బంది. మా పెద్దవాళ్ల దగ్గర పాత తెలుగు పద్యాలు, పొడుపుకథలు టైపు చేసిన ఫైళ్లు ఒక సీడీలో ఉన్నాయి. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కనబడుతున్నాయి. వైరసా?

రాయగడ డీటీపీ

వైరస్ కాదండీ. పాత డీటీపీ ఫాంట్లు. వాటిలో కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు అక్షరమే, ఆ ఫాంట్ దాని మీద తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఫాంట్ లేని చోట తెరిస్తే బొమ్మ ఊడిపోయి కింది అక్షరం బయటపడుతుంది. అలాంటి ఫైల్లో మాట వెతకలేరు, ఫోన్‌కు పంపితే కనబడదు. ఏ ఫాంటో కనుక్కుంటే యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములున్నాయి, ఒత్తుల దగ్గర తప్పులొస్తాయి. ఒక ఫైలు నాకు పంపండి, చూస్తాను. పొడుపుకథలయితే పిల్లల చేతే మళ్లీ కొట్టించండి, అదే సాధన. పొడుపు విప్పితేగానీ తర్వాతది కొట్టకూడదని పెట్టండి.

జయపురం అమ్మ

మా పాప రాసింది పెడుతున్నాను, ఏమీ మార్చలేదు. ఇన్‌స్క్రిప్ట్‌లో తనే కొట్టింది:

'మా ఈంట్లో ఏలుక వచ్చింది. నాన్న కర్ర తిసుకున్నారు. అమ్మ మంచం ఏక్కింది. నేను నవ్వాను. ఏలుక పోయింది. అమ్మ దిగలేదు.'

నేను మంచం ఎక్కిన మాట నిజమే, దాని గురించి ఎవరూ రాయకండి.

ఛత్రపురం అల్లుడు

చాలా బాగా రాసింది. 'ఈంట్లో', 'తిసుకున్నారు', 'ఏలుక', 'ఏక్కింది' నాలుగూ ఒడియా కన్ను చేసిన తప్పులే. 'వచ్చింది', 'నవ్వాను' అని వ సరిగ్గా పెట్టింది చూడండి. నాకు అది రావడానికి పెళ్లయ్యాక చాలాకాలం పట్టింది.

జయపురం అమ్మ

ధన్యవాదాలండీ. చదివి వినిపించమంటే 'ఎలుక' అనే చదువుతోంది, కానీ ఏ కొడుతోంది. హ్రస్వ ఎ కీ ఎక్కడుందో దానికీ తెలీదు, నాకూ తెలీదు. ఒ కూడా దొరకట్లేదు.

రాయగడ డీటీపీ

ఎ ఉండేది జడ్ కీ మీద. ఉత్తినే నొక్కితే హల్లు మీద ఎత్వం, షిఫ్టు పట్టుకుని నొక్కితే విడి ఎ. ఒ మాత్రం ఎడమ మూల పైన, అంకె ఒకటికి ఇవతల, ట్యాబ్ మీదున్న కీ. దానికీ అంతే, షిఫ్టుతో విడి ఒ, షిఫ్టు లేకుండా ఒత్వం. ఒడియా కొట్టిన అలవాటున్నవాళ్ల వేళ్లు ఈ రెండు కీల మీదికీ ఎప్పుడూ పోయి ఉండవు. పాప చేత మెడ, మేడ, కొన, కోన ఒకదాని కింద ఒకటి ఓ వారం కొట్టించండి. సునాబెడ వారి జంటలు ఇక్కడ పనికొస్తాయి. వీలైతే ఆయన్ని మొత్తం జాబితా ఇక్కడే పెట్టమనండి.

సునాబెడ నాన్న

ఇవాళ రాత్రి పెడతాను. గొంతు ఫైళ్లు మాత్రం మా అమ్మను అడిగి పెడతాను.